గేమ్ కన్సోల్‌కి నెట్ రావడం లేదా? తెగిన చోటు ఇలా పట్టుకోండి

ఫోన్‌లో నెట్ మామూలుగానే వస్తుంటుంది. టీవీలో వీడియోలు ఆగకుండా ఆడుతుంటాయి. కన్సోల్ మాత్రం ఇంటర్నెట్ లేదని ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. అవతల స్నేహితులు లాబీలో ఎదురుచూస్తుంటారు. ఆ టెన్షన్‌లో చాలామంది సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించినవన్నీ మార్చేస్తారు. డీఎన్‌ఎస్ (సర్వర్ పేరుకి నంబర్ వెతికిచ్చే సేవ) మారుస్తారు, వైఫై తీసేసి మళ్లీ పెడతారు, రౌటర్ రీసెట్ చేస్తారు, ఏదీ కుదరకపోతే కన్సోల్‌నే ఫార్మాట్ చేసేస్తారు. అప్పుడు నెట్ వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. రాకపోతే పాత సమస్యకి ఇంకో రెండు కొత్తవి తోడవుతాయి.

బాగుచేయడం తర్వాత, ముందు వెతకాలి. కన్సోల్ నుంచి బయల్దేరిన డేటా మొదట ఇంట్లోని రౌటర్‌కి, అక్కడినుంచి మీ నెట్ కంపెనీకి, ఆ తర్వాత కన్సోల్ తయారు చేసిన కంపెనీ సర్వర్లకి చేరుతుంది. అక్కడ సైన్ ఇన్ అయ్యాక కన్సోల్ ఆ గేమ్ సొంత సర్వర్‌తో కలుస్తుంది. ఈ దారిలో ఏదో ఒక్కచోట తెగి ఉంటుంది. అది ఎక్కడో తెలిస్తే రిపేరు సాధారణంగా ఐదు నిమిషాల పని. ఈ పని మొత్తంలో ఒక్క నియమం పెట్టుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక టెస్ట్ చేయండి, ఫలితం లేకపోతే దాన్ని మళ్లీ మునుపటిలాగే పెట్టేయండి.

ముందుగా ఎర్రర్ కోడ్ ఫొటో తీసుకోండి

తెర మీద వచ్చిన కోడ్‌ని చదవకుండా ‘ఓకే’ నొక్కేయకండి. అర్థం లేని అంకెల్లా కనిపిస్తాయిగానీ, తెగిన చోటు ఏ వైపు ఉందో చాలాసార్లు అవే చెబుతాయి. ప్లేస్టేషన్‌లో ‘ఎన్‌డబ్ల్యూ’తో మొదలయ్యేవి ఎక్కువగా మీ ఇంటి నెట్‌వర్క్ వైపువి. ఎన్‌డబ్ల్యూ-31297-2 వస్తే వైఫై పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయారని అర్థం. రౌటర్ పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారేమో ఇంట్లో అడగండి. అదే డబ్ల్యూఎస్-37403-7 వస్తే అవతల ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోనే మెయింటెనెన్స్ జరుగుతోందని. అప్పుడు మీ రౌటర్‌ని ఎంత సతాయించినా లాభం లేదు.

లోపం అవతలి వైపు ఉందేమో చూడండి

సోనీ (ప్లేస్టేషన్), మైక్రోసాఫ్ట్ (ఎక్స్‌బాక్స్), నింటెండో (స్విచ్) మూడూ తమ సర్వీసులు పనిచేస్తున్నాయో లేదో చెప్పే స్టేటస్ పేజీలు నడుపుతున్నాయి. ఫోన్ నుంచి అది తెరిచి చూడండి. పీఎస్5 (ప్లేస్టేషన్ 5)లో అయితే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని కనెక్షన్ స్టేటస్‌లోనే ప్లేస్టేషన్ నెట్‌వర్క్ స్టేటస్ చూసే వీలుంది.

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. ఇంత పెద్ద కంపెనీల సర్వర్లు ఎందుకు ఆగుతాయిలే అనుకుంటారు. ఆగుతాయి. 2011 ఏప్రిల్‌లో హ్యాకింగ్ జరిగాక ప్లేస్టేషన్ నెట్‌వర్క్ దాదాపు 23 రోజులు మూతపడింది, 7.7 కోట్ల ఖాతాల మీద ఆ ప్రభావం పడింది. 2025 ఫిబ్రవరిలో కూడా సుమారు ఒక రోజంతా పనిచేయలేదు. ఒక రాత్రి నేను రెండు గంటలు కూర్చుని రౌటర్‌లో ప్రతి సెట్టింగూ మార్చాను. తీరా చూస్తే ఆ గేమ్ సర్వర్లే ఆగిపోయి ఉన్నాయి. మర్నాడు గేమ్ దానంతటది వచ్చింది. నేను మార్చినవాటి వల్ల ఇంట్లో ప్రింటర్ పనిచేయడం మానేసింది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు స్టేటస్ పేజీ చూడమంటాను.

ఇంకో చిన్న పరీక్ష: ఒక్క గేమే కనెక్ట్ కావట్లేదా, లేక స్టోర్ కూడా తెరుచుకోవట్లేదా? స్టోర్ తెరుచుకుని గేమ్ ఒక్కటే ఆగిపోతే కన్సోల్‌కి నెట్ ఉన్నట్టే. ఆ గేమ్‌కి అప్‌డేట్ ఏదైనా మిగిలిందేమో చూడండి. గేమ్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో క్విక్ రెజ్యూమ్ వల్ల నిన్న ఆపిన గేమ్ అక్కడినుంచే మొదలవుతుంది కదా, ఆన్‌లైన్ గేమ్‌లకి అది ఒక్కోసారి కుదరదు. పాత కనెక్షన్ ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. గేమ్‌ని క్విట్ చేసి కొత్తగా తెరిస్తే సరిపోతుంది.

కనెక్షన్ టెస్ట్ నడపండి, ఏ వరస దగ్గర ఆగిందో చూడండి

పీఎస్5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్ వరసగా తెరిచి ‘టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్’ నొక్కండి. ఎక్స్‌బాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద ‘టెస్ట్ నెట్‌వర్క్ కనెక్షన్’ ఉంటుంది. స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, ఆ తర్వాత ఇంటర్నెట్, అందులో ‘టెస్ట్ కనెక్షన్’.

ప్లేస్టేషన్ టెస్ట్‌లో ఫలితం వరసగా వస్తుంది. ఐపీ అడ్రస్ (రౌటర్ కన్సోల్‌కి ఇచ్చే నంబర్) దొరికిందా, ఇంటర్నెట్ అందిందా, ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి సైన్ ఇన్ అయిందా అని. ఐపీ అడ్రస్ దగ్గరే ఫెయిల్ అయితే తేడా కన్సోల్‌కీ రౌటర్‌కీ మధ్యలో ఉంది. ఐపీ దొరికి ఇంటర్నెట్ దగ్గర ఆగితే రౌటర్ అవతలో, డీఎన్‌ఎస్‌లోనో. రెండూ దాటి సైన్ ఇన్ దగ్గర ఆగితే మీ ఖాతా అయినా కావచ్చు, వాళ్ల సర్వర్ అయినా కావచ్చు. ఈ మూడింటిలో మీది ఏదో తేలిందంటే సగం పని అయిపోయినట్టే.

దీనికి తోడు నాకు బాగా నచ్చిన పరీక్ష మొబైల్ హాట్‌స్పాట్. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కన్సోల్‌ని దానికి కలపండి. అక్కడ నెట్ వస్తే కన్సోల్‌లో ఏ లోపమూ లేదని తేలిపోయినట్టే, ఇక రౌటర్‌నీ నెట్ కంపెనీనీ చూసుకోవచ్చు. అక్కడా రాకపోతే అనుమానం కన్సోల్ మీదికి, ఖాతా మీదికి మళ్లుతుంది. ఒక్క జాగ్రత్త: హాట్‌స్పాట్ మీద ఉండగా గేమ్ అప్‌డేట్లు డౌన్‌లోడ్ మొదలుపెడితే మొబైల్ డేటా నిమిషాల్లో ఖాళీ అవుతుంది. డౌన్‌లోడ్లు ముందే పాజ్ చేసుకోండి.

రీస్టార్ట్ వరసగా చేయండి

రీస్టార్ట్ చేశామంటారుగానీ చాలాసార్లు అది రెస్ట్ మోడ్‌లో పెట్టి లేపడమే అయి ఉంటుంది. రెస్ట్ మోడ్‌లో కన్సోల్ పూర్తిగా ఆగదు. పవర్ మెనూలోంచి పూర్తిగా టర్న్ ఆఫ్ చేయండి. ఎక్స్‌బాక్స్‌లో ముందున్న పవర్ బటన్‌ని 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆగుతుంది. స్విచ్‌లో పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే పవర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో రీస్టార్ట్ ఎంచుకోండి.

తర్వాత మోడెమ్ (నెట్ కంపెనీ లైన్ వచ్చి చేరే పెట్టె), రౌటర్ రెండింటి పవర్ తీసేయండి. ఒక నిమిషం ఆగి ముందు మోడెమ్ ఆన్ చేయండి. దాని లైట్లు నిలకడగా వెలిగాక రౌటర్, వైఫై వచ్చాక కన్సోల్. ఈ వరస ఎందుకంటే ఒక్కో పరికరం తన ముందున్నదాని నుంచే అడ్రస్ తీసుకుంటుంది. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే అడ్రస్ ఇవ్వాల్సింది సిద్ధం కాకముందే అడగాల్సింది అడిగేస్తుంది.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రౌటర్ వెనకాల పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. అది నొక్కితే మీ వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు నెట్ కంపెనీ వాళ్లు అందులో పెట్టిన యూజర్‌నేమ్ లాంటి వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు కన్సోల్‌కే కాదు, ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు.

రౌటర్ దగ్గరికి ఎలాగూ వెళ్లారు కాబట్టి లైట్లు కూడా చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ‘ఎల్‌ఓఎస్’ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్ నుంచి సిగ్నలే రావట్లేదని. సెట్టింగ్స్ పక్కన పెట్టి నెట్ కంపెనీకి ఫోన్ చేయండి.

కేబుల్, వైఫై

వీలుంటే కన్సోల్‌ని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి చూడండి. శాశ్వతంగా కాకపోయినా పరీక్ష కోసం పది నిమిషాలు చాలు. కేబుల్‌తో వచ్చి వైఫైతో రాకపోతే తేడా వైఫైదే. స్విచ్ అయితే 2021లో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్ డాక్‌లో ల్యాన్ పోర్ట్ ఉంది. అంతకుముందు 2017లో వచ్చిన మోడల్‌కి యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొనాల్సిందే.

కేబుల్ వాడుతున్నవాళ్లు దాని కొనని ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ తలలో ఎనిమిది రంగుల తీగలు పక్కపక్కనే వచ్చి బంగారు రంగు పిన్నుల కింద ఆగుతాయి. పైన సన్నటి ప్లాస్టిక్ నాలుక ఒకటి ఉంటుంది. పోర్ట్‌లో పెట్టినప్పుడు ‘టిక్’ మని పట్టుకునేది అదే. ఆ నాలుక విరిగితే కేబుల్ చూడ్డానికి పెట్టినట్టే ఉంటుందిగానీ, కన్సోల్ కాస్త కదిలినా వదులై కనెక్షన్ తెగుతుంది. ఆట మధ్యలో నెట్ పోతూ వస్తూ ఉంటే మొదట చూడాల్సింది ఈ నాలుకనే. ఇంకొకటి, గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ పనిచేయాలి. ఒక్కటి తెగినా చాలాసార్లు కనెక్షన్ ఆగిపోదు, 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. పెద్ద ప్లాన్ తీసుకుని కూడా డౌన్‌లోడ్ ఎప్పుడూ 95 దగ్గరే ఆగిపోతోందంటే ప్లాన్ తిట్టుకునే ముందు కేబుల్ మార్చి చూడండి.

వైఫై అయితే ముందు బ్యాండ్ సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుందిగానీ పక్కిళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అవెన్ అన్నీ అక్కడే రద్దీ చేస్తుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు దాటడం తక్కువ. రౌటర్ అదే గదిలో ఉంటే 5కి, రెండు గోడల అవతల ఉంటే 2.4కి కలిపి చూడండి. 2.4లో ఛానెల్ 1, 6, 11 మాత్రమే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి కాబట్టి రౌటర్‌లో ఆ మూడింటిలో ఒకటి పెట్టుకోండి.

జాబితాలో మీ వైఫై పేరే కనిపించకపోతే కన్సోల్‌కి ఆ బ్యాండ్ అందుతుందో లేదో చూడండి. 2013లో వచ్చిన మొదటి పీఎస్4 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్లతోనే 5 వచ్చింది. కొత్త రౌటర్ పెట్టాక పాత కన్సోల్ ఒక్కటే కలవట్లేదంటే రౌటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (కొత్త వైఫై భద్రతా పద్ధతి) మాత్రమే అని ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్న ఆప్షన్ పెడితే చాలావరకు తీరుతుంది.

కన్సోల్‌ని టీవీ వెనకాల, తలుపులున్న అల్మారాలో పెట్టే అలవాటు కూడా మానుకోండి. సిగ్నల్‌కీ, వేడికీ రెండింటికీ అది మంచిది కాదు.

ఐపీ అడ్రస్, డీఎన్‌ఎస్, గడియారం

నెట్‌వర్క్ వివరాల్లో మీ కన్సోల్ ఐపీ అడ్రస్ చూడండి. ఇళ్లలో ఎక్కువగా 192.168తో మొదలవుతుంది, కొన్నిచోట్ల 10తో. 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వక, కన్సోల్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఎప్పుడో ఐపీని మాన్యువల్‌గా పెట్టి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. కన్సోల్‌లో ఆ నెట్‌వర్క్‌ని తీసేసి కొత్తగా కలపండి. రౌటర్‌లో పరికరాలను అడ్డుకునే పేరెంటల్ కంట్రోల్, మ్యాక్ ఫిల్టర్ (పరికరాల గుర్తింపు నంబర్‌ని బట్టి అడ్డుకునేది) లాంటివి ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూడండి. ఎక్స్‌బాక్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద ‘ఆల్టర్నేట్ మ్యాక్ అడ్రస్’ ఉంటుంది. దాన్ని క్లియర్ చేసి రీస్టార్ట్ చేస్తే కొన్ని మొండి సమస్యలు పోతాయి.

ఐపీ సరిగానే ఉండి ఇంటర్నెట్ దగ్గర ఆగితే, లేదా డీఎన్‌ఎస్ అనే మాట ఎర్రర్‌లో కనిపిస్తే అప్పుడు డీఎన్‌ఎస్ మార్చండి. డీఎన్‌ఎస్ అంటే సర్వర్ పేరు చెబితే దాని నంబర్ వెతికిచ్చే ఫోన్ డైరెక్టరీ లాంటిది. డైరెక్టరీ పాడైతే దారి బాగున్నా చిరునామా దొరకదు. పీఎస్5లో సెట్ అప్ ఇంటర్నెట్ కనెక్షన్‌లో మీ నెట్‌వర్క్ ఎంచుకుని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, ఎక్స్‌బాక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద అడ్వాన్స్‌డ్‌లో, స్విచ్‌లో మీ నెట్‌వర్క్ ఎంచుకుని చేంజ్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ పెట్టే చోటు ఉంటుంది. గూగుల్‌ది ప్రైమరీ 8.8.8.8, సెకండరీ 8.8.4.4. క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1, 1.0.0.1. ఏదైనా ఒక జత చాలు. డీఎన్‌ఎస్ మారిస్తే పింగ్ (సర్వర్‌కి డేటా వెళ్లి రావడానికి పట్టే సమయం) సగానికి తగ్గుతుందని చెప్పే వీడియోలు నమ్మకండి. ఆట మొదలయ్యాక డీఎన్‌ఎస్‌కి దాదాపు పనే ఉండదు.

కన్సోల్‌లో తేదీ, టైమ్ సరిగా ఉన్నాయో లేదో కూడా చూడండి. చాలాకాలం వాడకుండా పక్కన పెట్టిన కన్సోల్‌లో ఇవి వెనక్కి పోయి ఉండొచ్చు. సర్వర్ చూపించే సర్టిఫికెట్ గడువు కన్సోల్ గడియారంతో సరిపోలకపోతే సురక్షిత కనెక్షన్ కుదరదు.

నెట్ ఉంది, కానీ స్నేహితులతో కలవలేకపోతున్నాం

ఇది వేరే రకం బాధ. స్టోర్ తెరుచుకుంటుంది, డౌన్‌లోడ్ అవుతుంది. పార్టీలో చేరబోతే, వాయిస్ చాట్ మొదలుపెట్టబోతే ఆగిపోతుంది. ఎక్కువసార్లు కారణం నాట్ (ఎన్‌ఏటీ), అంటే రౌటర్ అడ్రస్‌లు మార్చే ఏర్పాటు. ఇంట్లో పది పరికరాలున్నా బయటికి ఒకే ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. బయటినుంచి వచ్చింది ఎవరికివ్వాలో చూసుకునేది రౌటర్. ఒక అపార్ట్‌మెంట్‌కి గేటు ఒక్కటే ఉండి, వాచ్‌మన్ ఎవరింటికి వచ్చారో అడిగి పంపుతాడు చూడండి, అలాంటి ఏర్పాటు. మీరు పిలిచిన అతిథి పేరు వాచ్‌మన్‌కి తెలియకపోతే గేటు దగ్గరే నిలబెట్టేస్తాడు.

ప్లేస్టేషన్‌లో నాట్ టైప్ 1, 2, 3 అని చూపిస్తుంది. ఇంట్లో రౌటర్ ఉన్నవాళ్లకి టైప్ 2 మామూలు, బాధపడాల్సింది టైప్ 3కే. ఎక్స్‌బాక్స్‌లో ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్. స్విచ్‌లో ఏ, బీ, సీ, డీ, ఎఫ్ అక్షరాలు. ఏ, బీ బాగున్నట్టు, డీ, ఎఫ్ వస్తే కష్టం.

ముందు రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉందో చూడండి. కన్సోల్ తనకు కావాల్సిన పోర్టులు (డేటా వచ్చిపోయే నంబర్ల దారులు) తెరవమని రౌటర్‌ని అడగడానికి అదే మార్గం. ఆన్‌లోనే ఉండి పనిచేయకపోతే ఒకసారి ఆఫ్ చేసి రౌటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ కాకపోతే పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే ఆ పోర్టులు మీరే రౌటర్‌లో తెరిచి పెట్టడం. దానికి ముందు రౌటర్‌లో కన్సోల్‌కి ఒకే ఐపీ ఎప్పుడూ వచ్చేలా రిజర్వ్ చేయాలి, లేకపోతే రేపు ఐపీ మారి పెట్టినదంతా వృథా. యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు. ఎక్స్‌బాక్స్‌కి ముఖ్యమైనది యూడీపీ 3074. ప్లేస్టేషన్‌కి యూడీపీ 3478, 3479, టీసీపీ 3478 నుంచి 3480.

ఎక్స్‌బాక్స్ ‘డబుల్ నాట్’ అని చెబితే ఇంట్లో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయని. నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మీరు కొన్నది ఒకటి. రెండు గేట్లు, ఇద్దరు వాచ్‌మన్లు అన్నమాట. కంపెనీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లోనో, మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనో పెట్టండి, అప్పుడు ఒక్క వాచ్‌మనే ఉంటాడు.

ఇన్ని చేసినా టైప్ 3 కదలకపోతే ఆ గేటు మీ ఇంట్లోది కాక, నెట్ కంపెనీది కావచ్చు. దీన్ని సీజీనాట్ అంటారు. అనేక ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ ఇస్తారు. తేల్చుకోవడం తేలిక. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కిచ్చిన అడ్రస్) రాసుకోండి. ఫోన్‌ని అదే వైఫైలో ఉంచి ‘నా ఐపీ ఎంత’ అని చూపించే సైట్ తెరవండి. రెండూ వేర్వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే సీజీనాటే. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్‌తో రాత్రంతా కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. కంపెనీని పబ్లిక్ ఐపీ అడగండి, ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) ఉంటే రౌటర్‌లో ఆన్ చేయండి.

కనెక్ట్ అవుతుంది, కానీ ల్యాగ్ (ఆట ఆలస్యంగా కదలడం)

ఆన్‌లైన్ ఆటకి వేగం పెద్దగా అక్కర్లేదు, కొద్ది ఎంబీపీఎస్ చాలు. కావాల్సింది తక్కువ పింగ్, అదీ నిలకడగా. ఇంట్లో ఎవరి ఫోన్ అయినా ఫొటోలు క్లౌడ్‌కి పంపుతుంటే అప్‌లోడ్ నిండిపోయి మీ పింగ్ ఎగిరిపోతుంది. ల్యాగ్ వచ్చిన క్షణాన ఇంట్లో ఏం అప్‌లోడ్ అవుతోందో అడిగి, అది ఆపి చూడండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరం డేటా ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఉంటే కన్సోల్‌కి ప్రాధాన్యం ఇవ్వండి.

ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ సైజు) అనే సెట్టింగ్‌ని మాత్రం అవసరం లేకుండా కదపకండి. మామూలుగా 1500, పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే) కనెక్షన్లలో 1492. ఎక్స్‌బాక్స్‌కి కనీసం 1384 ఉండాలి. ఎంటీయూ ఎర్రర్ కనిపిస్తేనే రౌటర్‌లో దాని సంగతి చూడండి.

నెట్ కంపెనీకి ఫోన్ చేసేముందు

హాట్‌స్పాట్‌తో కన్సోల్ పనిచేసి, కేబుల్‌తో కలిపినా మీ నెట్‌తో రాకపోతే ఇక వాళ్లనే అడగాలి. ‘గేమ్ రావట్లేదు’ అంటే రౌటర్ రీస్టార్ట్ చేయమని చెప్పి పెట్టేస్తారు. ఒక కాగితం మీద ఈ నాలుగు రాసుకుని మాట్లాడండి: ఎర్రర్ కోడ్, కనెక్షన్ టెస్ట్ ఏ వరసలో ఆగింది, హాట్‌స్పాట్‌తో వచ్చిందా, రౌటర్ వ్యాన్ ఐపీ ఏమిటి. సమస్య ఏ టైమ్‌లో వస్తోందో కూడా చెప్పండి, రోజూ రాత్రి 9 తర్వాతే అయితే అది వాళ్ల వైపు రద్దీ కావచ్చు. ఫిర్యాదు నంబర్ తీసుకుని, ఆ కాగితం మీదే రాసి, రౌటర్ పక్కన పెట్టుకోండి.